రెండో వైపు నలుపు

నేను రంగు వేసేవాణ్ణి కాను. ఈ మాట రోజుకి రెండుసార్లయినా చెప్పాల్సి వస్తుంది, చెప్పిన ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది. రాళ్ళూ గుట్టలూ ఎక్కే పెద్ద చక్రాల బండ్లకి బంపర్లు, చక్రాల పైపట్టీలు, అద్దాల డిప్పలు అన్నీ నల్ల ప్లాస్టిక్కుతో వస్తాయి. నాలుగేళ్ళు ఎండలో నిలబడితే ఆ నలుపు బూడిదరంగుకి తిరుగుతుంది. చూసేవాళ్ళు నలుపు పోయిందనుకుంటారు. పోలేదు, లోపలికి వెళ్ళి కూర్చుంది. దాన్ని మళ్ళీ పైకి రప్పించడమే నా పని.

మా సందులోనే ఇంకో ఇద్దరున్నారు, నూనె పూసి మెరిపించి పంపేస్తారు. మొదటి వానకి ఆ నూనె కారి తలుపుల మీద చారలు కడుతుంది. నేను అలా చెయ్యను. జిడ్డు వదిలేదాకా బ్రష్షుతో తోముతాను, ఆరబెడతాను, పెయింటు అంచుల వెంట టేపు అంటిస్తాను. ఆ తర్వాత వేడిగాలి కొట్టే హీట్ గన్ పట్టుకుని బెత్తెడు దూరంలో ఆడిస్తూ పోతాను. చెయ్యి ఒక్కచోట ఆగిందా, ప్లాస్టిక్కు బొబ్బలెక్కుతుంది. ఆగకుండా కదిలితే బూడిదరంగు కింద నుంచి నలుపు తేలి వస్తుంది. పైన ఒక పూత పూస్తాను గానీ అది వచ్చిన నలుపుని నిలబెట్టడానికే.

నాకింకో పద్ధతి ఉంది. బండిని ముందు సగమే చేస్తాను. డ్రైవరు వైపు మొత్తం పూర్తి చేసి, బంపరు మధ్యలో నిలువుగా టేపు అంటించి ఆపేస్తాను. బండి తెచ్చిన మనిషి వచ్చి, ఎదురుగా నిలబడి, ఈ సగాన్నీ ఆ సగాన్నీ చూసి సరేనన్నాకే రెండో వైపు మొదలుపెడతాను. తొందరగా కావాలనేవాళ్ళకి నూనె షాపులు ఎలాగూ ఉన్నాయి.

పక్క షాపులో సీటు కవర్లు కుట్టే టైలరుకి ఈ పద్ధతంటే మహా వెటకారం. అతన్ని మేమంతా సూది అనేవాళ్ళం. మనిషీ సన్నం, మాటా గుచ్చుకునేది. "సగం గడ్డం గీసి, బాగుందా అని అద్దం చూపించేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశానయ్యా" అనేవాడు. నేను హీట్ గన్ తీస్తే చాలు, "ఇదిగో, మసిపూసి మారేడుకాయ చెయ్యడం మొదలెట్టాడు!" అని గోడ అవతలి నుంచి అరిచేవాడు. "కుళ్ళిన స్పాంజి మీద కొత్త రెక్సిను తొడిగే నువ్వా చెప్పేది?" అని ఇటు నుంచి నేను. పదకొండేళ్ళు ఇదే గోల.

అతని ఒంటినిండా గమ్ము వాసన. స్పాంజికి రెక్సిను అంటించే సొల్యూషను అది, ఘాటుగా ముక్కులోకి ఎక్కుతుంది. చొక్కాకీ జుట్టుకీ పట్టేసింది, స్నానం చేసినా వదిలేది కాదు. కొత్తవాళ్ళు పక్కన నిలబడితే తాగొచ్చాడనుకుని ఓ అడుగు వెనక్కి వేసేవాళ్ళు. సూది చుక్క కూడా ముట్టేవాడు కాదు.

ఆ సోమవారం పొద్దు వాలే వేళ సూది క్వారీ రోడ్డు మీద మోపెడ్‌తో సహా పక్క కాలవలో పడ్డాడు. మంగళవారం పొద్దున పాలవ్యాను అతను చూశాడు. అప్పటికే ప్రాణం పోయింది. ఆ కాలవనిండా ఎవరెవరో తాగి విసిరేసిన సీసాలు, మనిషి ఒంటి మీద ఆ వాసన. స్టేషనువాళ్ళు వచ్చారు, చూశారు, ముక్కులు మూసుకున్నారు, కాగితం మీద రాసేశారు: తాగిన మత్తులో బండి అదుపు తప్పి పడి చనిపోయాడు. పరీక్షలూ గట్రా చేయించే ఓపిక ఎవరికీ లేకపోయింది. సన్నపు మనిషి కదా, మోయడానికి నలుగురం ఎక్కువే అయ్యాం.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. సూది భార్య బడిలో చిన్నపిల్లల్ని చూసుకునే ఆయా. కళ్ళు వాచిపోయి ఉన్నాయి గానీ గొంతు గట్టిగానే ఉంది.

"అన్నయ్యా, పోయిన మనిషిని ఎవరూ తేలేరు. ఆ కాగితంలో మాట మాత్రం తీయించండి."

"ఏ మాటమ్మా?"

"తాగి అన్న మాట. ఇవాళ ఇంటికొచ్చిన బడిపిల్లలు మా పిల్లని అడిగారు, మీ నాన్న రోజూ తాగుతాడా అని. పదేళ్ళ పిల్ల, బతికినంతకాలం ఆ మాట మొయ్యాలా?"

నాకు కోపం నషాళానికి ఎక్కింది. "సోమవారం నేనే వస్తానమ్మా. గమ్ము డబ్బా పట్టుకొచ్చి ఆ స్టేషనువాళ్ళ ముక్కుల కింద పెడతాను. ఇది సారా వాసనో సీటు వాసనో వాళ్ళే తేల్చుకుంటారు" అన్నాను. ఆమె చేతులు జోడించబోతే వద్దని ఆపాను.

గురువారం పొద్దున మా బావమరిది బండి తెచ్చాడు. వాడు క్వారీ యజమాని దగ్గర డ్రైవరు. నిజానికి బావమరిది అనడమే గానీ, వాణ్ణి పెంచింది మేమే. వాళ్ళమ్మ పోయేసరికి వాడికి నాలుగేళ్ళు, మా ఆవిడకి పదహారు. మా పెళ్ళయిన వారానికి వాడి సంచీ కూడా మా గదిలోకి వచ్చింది. సైకిలు వెనకాల పట్టుకుని పరిగెత్తింది నేను, స్టీరింగు పట్టుకోవడం నేర్పింది నేను. ఇరవై ఏడేళ్ళొచ్చినా ఇంట్లో ఇప్పటికీ వాడు చిన్నాయే.

బండి ప్లాస్టిక్కంతా బాగా వెలిసిపోయి ఉంది. రెండో వైపు బంపరు మూలంతా క్వారీ ఎర్రమట్టి ఎండి అట్టకట్టింది.

"బావా, ఈసారికి ఆ రెండో వైపు ముందు చెయ్యవా?" అన్నాడు.

"ఏం, అటువైపు నుంచి పెళ్ళికూతురు చూస్తుందా?"

వాడు నవ్వలేదు. "గోడకి కొంచెం రాసింది. యజమాని శనివారం ఊరి నుంచి వస్తాడు. చూస్తే తిడతాడు."

"శనివారానికి రెండు వైపులా అయిపోతుంది. నా షాపులో నా పద్ధతి. నచ్చకపోతే అదిగో, నూనె పూసేవాళ్ళు ఖాళీగా ఉన్నారు."

మామూలుగా అయితే నాతో సరిసమానంగా వాదించేవాడు. ఆ రోజు నోరెత్తలేదు, తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. యజమానంటే భయం కాబోలు అనుకున్నాను. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. నా మొండితనం అందరికీ తెలిసిందే, ఆ రోజు దానికి నేను లోలోపల మురిసిపోయాను కూడా.

గురువారమంతా డ్రైవరు వైపు చేశాను. శుక్రవారం పూత ఆరాక, మధ్యాహ్నం వాణ్ణి పిలిచి చూపించాలి. చూపించే ముందు రెండో వైపు మట్టి కడిగేస్తాను, అదీ నా పద్ధతే. మట్టివల్ల కనిపించే తేడాని నా పనితనంలో కలుపుకోవడం నాకు నామోషీ. నీళ్ళు కొట్టాను. అట్టలు అట్టలుగా ఊడివచ్చింది.

బంపరు మూలన, నా అరచెయ్యంత పొడవున, నెలవంకలా తెల్లటి గుర్తు ఉంది.

గోడకి రాస్తే గీతలు పడతాయి, ప్లాస్టిక్కు గరుకుగా లేస్తుంది. వేలు పెట్టి చూశాను. నున్నగా ఉంది. అది గీత కాదు. ఏదో గట్టిగా తగిలి ప్లాస్టిక్కు లోపలికి మడతపడి, మళ్ళీ తన్నుకుని బయటికొస్తే, మడతపడినచోట అలా తెల్లబడుతుంది. గోడలు అలా మడతపెట్టవు. కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాను. ప్లాస్టిక్కు మీద సన్నటి గింజ గింజలుగా ఉంటుంది చూడండి, ఆ గింజల మధ్య పసుపు పొడి ఇరుక్కుని ఉంది.

ఆ పసుపు నాకు తెలుసు. మా సందు పెయింటరు దగ్గర స్కూలు బస్సుకి వేయగా మిగిలిన డబ్బా అది. దాన్ని సూది తన మోపెడ్‌కి వేయించుకున్నాడు. సందంతా పగలబడి నవ్వితే, "నవ్వండయ్యా. చీకట్లో కూడా మెరుస్తాను, నన్నెవడూ గుద్దడు" అన్నాడు.

లేచి బావమరిదికి ఫోన్ చేసి, చూసి వెళ్ళమన్నాను, ఎప్పుడూ ఎవరికైనా చేసినట్టే.

వాడు వచ్చి బండి ఎదురుగా నిలబడ్డాడు. నేను షట్టరు సగం దించాను.

"చూడు" అన్నాను.

"బాగుంది బావా" అన్నాడు, డ్రైవరు వైపే చూస్తూ.

"ఇటు కూడా చూడు."

చూడలేదు. నేను మెడ పట్టుకుని ఆ మూలకి వంచాను. "ఇది ఏ గోడరా? పసుపు గోడా? ఆ గోడకి పెళ్ళాం ఉందా, పిల్ల ఉందా?"

వాడు ఏడుపు మొదలుపెట్టాడు. చిన్నప్పుడు ఏడ్చినట్టే, నోరు తెరిచి, చప్పుడు లేకుండా. మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. క్వారీ నుంచి ఒక్కడే తిరిగొస్తున్నాడు. ఎదురెండ కళ్ళలో పడుతోంది. ఫోన్ మోగింది. ఎవరా అని కిందికి చూశాడు, అంతే. తలెత్తేసరికి పసుపురంగేదో కనిపించింది, మూల తగిలింది.

"ఆపలేదా?"

"ఆపాను. దిగాను."

"దిగి?"

"చూశాను బావా. కాలవలో ఉన్నాడు. చెయ్యి..."

"చెయ్యి?"

"కదిలింది."

కొట్టాను. ఎన్నిసార్లు కొట్టానో గుర్తులేదు, వాడు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఇరవై మూడేళ్ళలో వాడి మీద చెయ్యి చేసుకోవడం అదే మొదటిసారి. నా వేళ్ళు మండిపోతున్నాయి. ఆ మనిషి ఆ కాలవలో ఎంతసేపు ప్రాణాలతో ఉండి ఉంటాడు? గంటా? రెండు గంటలా? వీడు మా ఇంటికి వచ్చి, చేతులు కడుక్కుని, నా పక్కన కూర్చుని అన్నం తిన్నాడు ఆ రోజు. ఆకలి లేదంటే మా ఆవిడ బతిమాలి వడ్డించింది.

అప్పుడే మా ఆవిడ నా క్యారేజీ పట్టుకుని షట్టరు కింద నుంచి వంగి లోపలికి వచ్చింది. మమ్మల్నిద్దర్నీ చూసింది, బంపరు చూసింది. సోమవారం నుంచి తమ్ముడి వాలకం చూస్తూనే ఉంది కాబోలు, ఎవరూ ఏమీ చెప్పకముందే అర్థం చేసుకుని గోడకి ఆనుకుంది.

"ఎవరి ఫోన్‌రా అది?" అని వాణ్ణే అడిగాను, ఆమె వచ్చిందన్న స్పృహ లేకుండా.

వాడు అక్క వైపు చూశాడు.

"నేనే చేశాను" అంది మా ఆవిడ. "ఎన్నింటికి వస్తావు, కూర చల్లారిపోతుందని చేశాను. వాడు ఎత్తలేదు. పెద్ద కారణం కూడా కాదండీ. కూర చల్లారిపోతుందని." ఆ మాటే మళ్ళీ మళ్ళీ అంది. క్యారేజీ కింద పెట్టి తమ్ముడి ముందు కూర్చుని, వాడి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని, నేను కొట్టినచోట నిమిరింది. చెయ్యి కదిలిన సంగతి నేను ఆమెకి చెప్పలేదు. వాడూ చెప్పలేదు.

ఆ తర్వాత నా వైపు తిరిగింది. "మీరు చెయ్యండి" అంది.

"ఏం చెయ్యమంటావు?"

"మీ పని."

"నీకేమైనా పిచ్చి పట్టిందా? అది సూది. పదకొండేళ్ళు నా గోడ పక్కన కూర్చున్న మనిషి."

"నాకు తెలియదా? నిన్న ఆవిడ పక్కన కూర్చుని ఏడ్చి వచ్చింది నేను కాదా? వీణ్ణి జైలుకి పంపించేస్తే ఆయన తిరిగొస్తాడా చెప్పండి. ఆవిడకి ఏం ఒరుగుతుంది?"

"ఆ మాట పోతుంది. తాగి అన్న మాట."

"గమ్ము డబ్బా చూపించి తీయిస్తానని మీరే అన్నారుగా? తీయించండి. అదీ చెయ్యండి, ఇదీ చెయ్యండి. వీడు పోతే నేను కూడా పోయినట్టే, మీరు ఆలోచించుకోండి." బెదిరింపులా అనలేదు. ఇంట్లో ఉప్పు అయిపోయిందన్నట్టు చెప్పింది. అందుకే భయం వేసింది.

అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే కుదరదని నాకు తెలుసు. కానీ ఆ మధ్యాహ్నం ఆమె చెప్పింది విన్నాక కుదురుతుందనే అనిపించింది. సూది భార్య అడిగింది ఒక్క మాట తీయించమనే కదా, ఎవరు గుద్దారో కనుక్కోమని కాదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. పిరికివాడికి లెక్కలు భలే త్వరగా తేలతాయి.

పళ్ళు తోముకునే బ్రష్షు ఒకటి తీసుకుని ఆ పసుపుని గింజ గింజా గీకాను. అది అంత తేలిగ్గా రాలేదు. బకెట్లో నీళ్ళ మీద పసుపు తేలితే బయట కాలవలో పారబోశాను, మళ్ళీ నీళ్ళు పట్టాను. ఆ తర్వాత హీట్ గన్ పెట్టాను. మడత తెలుపు వేడికి పోతుంది, ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన సంగతే. రెండుసార్లు అటూ ఇటూ ఆడించాను. మూడోసారి అవసరం రాలేదు. నా కళ్ళ ముందే నెలవంక సన్నగిల్లి, ఒక గీతయి, లేకుండా పోయింది. కాదు కాదని పదకొండేళ్ళు అరిచినవాణ్ణి, ఆ రోజు నిజంగానే మసి పూశాను. గోడ అవతలి నుంచి ఎవరూ ఏమీ అనలేదు.

శనివారం క్వారీ యజమాని వచ్చి బండి చుట్టూ తిరిగాడు. ఏ సగం ముందు చేశావో నువ్వు కూడా చెప్పలేవు అని మెచ్చుకున్నాడు. ఆ మాటకి మామూలుగా అయితే వారం రోజులు గాల్లో తేలేవాణ్ణి.

సోమవారం సూది భార్యతో స్టేషనుకి వెళ్ళాను. రెండో అంతస్తులో రైటరు గది, గుమ్మం దాకా ఫైళ్ళు. గమ్ము డబ్బా మూత తీసి ఆయన బల్ల మీద పెట్టాను. రైటరు వాసన చూసి తుమ్మాడు, మళ్ళీ చూశాడు, పక్క బల్లాయనకి ఇచ్చాడు. ఆయన కూడా తుమ్మాడు. "నిజమేనండోయ్, ఆ రోజు వచ్చింది ఇదే వాసన" అన్నాడు ఆయన.

"సరే, తాగలేదు" అన్నాడు రైటరు. ఆయన చెడ్డవాడేం కాదు, బాగా అలిసిపోయిన మనిషి. "మరి తిన్నటి రోడ్డు మీద, తాగని మనిషి, కాలవలో ఎందుకు పడ్డాడు? ఒకటి కొట్టేస్తే ఇంకొకటి రాయాలి కదా. ఏదైనా బండి గుద్దిందనుకుందామంటే చూసినవాళ్ళు లేరు." నా వైపు చూశాడు. "మీది బండ్ల సందే కదా? ఈ వారంలో ఎక్కడైనా తగిలిన గుర్తుతో బండేదైనా వచ్చిందా?"

సూది భార్య కూడా నా వైపు చూసింది. ఆ చూపులో అనుమానం లేదు. నా మీద నమ్మకమే ఉంది, అదే నన్ను ఇంకా ఇబ్బంది పెట్టింది.

"రాలేదండి" అన్నాను.

"మరి ఏం రాయమంటారు?"

ఏదో ఒకటి చెప్పాలి. నోటికి వచ్చింది చెప్పేశాను. "ఈమధ్య అతనికి చూపు సరిగ్గా ఆనడం లేదండి. నాతో అన్నాడు."

రైటరుకి అది నచ్చింది. గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు: చూపు మందగించినందువల్ల, మసక వెలుతురులో రోడ్డు అంచు గుర్తించలేక. తాగిన మత్తులో అన్నదాని మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన సంతకం పెట్టి, కాగితం తిప్పి ఆమెకి చూపించాడు. ఆమె ఆ కొట్టివేత మీద వేలు పెట్టి చదువుకుంది.

కిందికి దిగాక మెట్ల దగ్గర నా చేతులు రెండూ పట్టుకుంది. "మీ రుణం తీర్చుకోలేను అన్నయ్యా. ఇంతమందిలో మీరొక్కరే వచ్చి నిజం చెప్పారు."

గమ్ము డబ్బా మూత బిగించుకుంటూ నిలబడ్డాను. ఆమె రెండడుగులు వేసి ఆగిపోయింది.

"చూపు ఆనడం లేదని మీతో ఎప్పుడన్నారు?"

"ఈమధ్యే అమ్మా. అలా మాటల్లో."

"నాకు చెప్పనేలేదే." నన్ను కాదు, తనలో తను అనుకుంటోంది. "ఆ సాయంత్రం పిల్లకి జ్వరం వచ్చింది. మాత్రలు తెమ్మన్నాను. పొద్దున తెస్తానే, చీకటి పడుతోంది అన్నారు. చీకటి ఎక్కడండీ, ఇంకా ఎండ ఉంది. పని ఎగ్గొట్టడానికి అంటున్నారని కసిరాను. మాట్లాడకుండా బండి తీశారు." ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. "కనిపించకే అన్నారు అన్నయ్యా. పౌరుషం కదా, కళ్ళు కనిపించట్లేదని చెప్పుకోలేక చీకటి పడుతోందన్నారు. నేను వినలేదు. నేనే పంపించాను. మనిషిని నా నోటితో నేనే చంపుకున్నాను."

జనం మమ్మల్ని దాటుకుని ఎక్కుతున్నారు, దిగుతున్నారు. ఆమె ఏడవడం లేదు. ఆ సాయంత్రం మాటలన్నీ ఒక్కొక్కటే తిరగేసి, నేను చెప్పిన అబద్ధానికి సరిపడేలా సర్దుకుంటోంది. బల్బు మార్చబోయి మొన్న జారిపడబోయారు అంది. పిల్ల పుస్తకం దూరంగా పెట్టుకుని చూశారు అంది. అన్నీ సరిపోతున్నాయి. మా ఇంట్లో మూడు రోజులుగా ఒక ఆడమనిషి పొయ్యి ముందు కూర్చుని, నేనే ఫోన్ చేశాను, కూర చల్లారుతుందని చేశాను అని జపంలా అంటోంది. దాన్నే చూడలేకపోతున్నాను. ఇప్పుడు ఈవిడ. ఏ తప్పూ చెయ్యని మనిషి నెత్తిన అదే బరువు నేనే స్వయంగా మోసుకొచ్చి పెట్టాను. ఇంటికి వెళ్ళి ఆ పదేళ్ళ పిల్లకి కూడా ఇదే చెబుతుంది: మీ నాన్నని నేనే పంపించానమ్మా, నీ జ్వరం మాత్రల కోసం. అప్పుడు ఆ పిల్ల కూడా మోస్తుంది.

మా ఆవిడ ముఖం కళ్ళ ముందు కదిలింది. వీడు పోతే నేను కూడా పోయినట్టే అన్నప్పటి ముఖం.

"అతని కళ్ళు బాగానే ఉన్నాయమ్మా" అన్నాను.

ఆమె తలెత్తింది. "మరి?"

ఆమె పక్కన కూర్చోవడానికి ధైర్యం చాలలేదు. నిలబడే చెప్పాను. బండి ఎవరిదో, నడిపింది ఎవరో, తెల్లటి గుర్తు ఎక్కడుందో, అందులో పసుపు ఎలా ఇరుక్కుందో, దాన్ని ఏ బ్రష్షుతో గీకానో, ఎన్నిసార్లు వేడి పెట్టానో అన్నీ చెప్పాను. చెయ్యి కదిలిందన్నది కూడా చెప్పాను. మా ఆవిడకి చెప్పనిది ఈవిడకి చెప్పాను. మధ్యలో ఆమె ఒక్కసారే అడ్డుపడింది.

"ఇప్పుడా గుర్తు లేదా?"

"లేదమ్మా."

"ఏమీ కనిపించదా?"

"నాకు కూడా కనిపించదు. నేను చెబితే నమ్మాలి, అంతే."

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. కాసేపటి క్రితం నన్ను పట్టుకున్న చేతులవి. వాటిని చీరకి తుడుచుకుంది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. లేచి నిలబడి, మేము దిగివచ్చిన మెట్ల వైపు తిరిగింది.

"పైకి పదండి" అంది.

అన్నయ్యా అనలేదు.